మనం చెప్పిన అబద్ధమే తమ్ముణ్ణి రైలెక్కించింది

(ఆదివాసీ దినోత్సవం సందర్భంగా అరకులోయలో జరిగిన యువజనుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నన్ను 'వలసలు - ఆదివాసీ యువత' అనే అంశం మీద మాట్లాడమన్నారు. అంశం పెద్దది. నేను పెద్ద వక్తను కాను. నాకు తెలిసింది నా బతుకు. నాలుగేళ్ళు హైదరాబాదులో ఉండి వచ్చాను. అక్కడ ఎట్లా బతికానో మా ఊళ్ళో కూడా ఇంతవరకు పూర్తిగా చెప్పలేదు. ఇవ్వాళ మీ ముందు చెప్తాను. ఎందుకంటే ఇక్కడ కూర్చున్న వాళ్ళలో కొందరి సంచులు ఇప్పటికే సర్ది ఉన్నాయని నాకు తెలుసు.

మొదటే ఒక మాట. పట్నం పోవద్దని చెప్పడానికి నేను రాలేదు. పట్నం చెడ్డది, మన కొండ స్వర్గం అని చెప్పడానికీ రాలేదు. స్వర్గమే అయితే గర్భిణిని డోలీలో ఎందుకు మోస్తాం? నేను చెప్పదలచింది వేరే.

దిగే దారి ఎవరి కోసం వేశారు?

మన పిల్లలు కిందకి పోయేది ఎక్కువగా ఈ రైలు మీదనే. ఈ కొత్తవలస - కిరండూల్ లైను మన కోసం వేసింది కాదు. 1960లలో బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు చేర్చి, అక్కణ్ణుంచి జపానుకు పంపడానికి వేసింది. కొండల్ని తొలిచి 58 సొరంగాలు పెట్టారు. టూరిస్టులు ఆ సొరంగాలు లెక్కపెట్టుకుంటూ, కేకలు వేసుకుంటూ వస్తారు. మనవాళ్ళు అదే రైలులో మూటలు ఒళ్ళో పెట్టుకొని, మాట్లాడకుండా దిగుతారు. ఒకే రైలు. ఎక్కేవాళ్ళ మొహాలు వేరు, దిగేవాళ్ళ మొహాలు వేరు.

అంతకు ముందే, 1955లో, మాచ్‌ఖండ్ కరెంటు మొదలైంది. జలాపుట్ జలాశయం కింద మునిగినవి ఆదివాసుల ఊళ్ళు, ఆదివాసుల మడులు. కరెంటు విశాఖకు పోయింది. ఆ చుట్టూ ఉన్న మన కొండల ఊళ్ళకు దీపం రావడానికి దశాబ్దాలు పట్టింది. తర్వాత కాఫీ వచ్చింది. ఇవ్వాళ మన ఏజెన్సీలో రెండు లక్షల ఎకరాలకు పైగా కాఫీ ఉన్నది. 2017లో పారిస్‌లో అరకు కాఫీకి దుకాణం తెరిచారు. 2019లో అరకు అరబికాకు భౌగోళిక గుర్తింపు ఇచ్చారు. సంతోషమే. పేరు పారిస్ దాకా పోయింది. పండించినవాడి కొడుకు హైదరాబాదులో గేటు కాడ కూర్చున్నాడు.

ఖనిజం దిగింది. కరెంటు దిగింది. కాఫీ దిగింది. చివరికి మనమూ దిగాం. దిగిన వాటిలో తిరిగి కొండెక్కింది ఎంత? ఇది మన అప్పులు, మన తాగుడు, మన బద్ధకం అని చెప్పేవాళ్ళు ఉన్నారు. వాళ్ళకు ఈ లెక్క అడగండి.

రాష్ట్రాలు మారాయి. మద్రాసు రాష్ట్రంలో ఉన్నాం. 1936లో ఒడిశా ఏర్పడినప్పుడు కొండ మధ్యన గీత గీశారు, గీతకు అటు అప్ప, ఇటు చెల్లి. 1953లో ఆంధ్ర రాష్ట్రం, 1956లో ఆంధ్రప్రదేశ్, 2014లో విభజన. 2022లో పాడేరు కేంద్రంగా అల్లూరి పేరున జిల్లా ఇచ్చారు. రాజధాని మారినప్పుడల్లా మనం చేతులు కట్టుకొని నిలబడే ఊరి పేరు మారింది, అంతే. అన్నం వెతుక్కుంటూ కొండ దిగడం మారలేదు.

'అంత అందమైన ఊరు వదిలి...'

నా సంగతి చెప్తాను. ఆశ్రమ పాఠశాలలో చదివాను. డీఎడ్ చేశాను. మా ఊళ్ళో అంత చదివింది నేనే మొదటివాణ్ణి. మా అమ్మ కొండచీపుర్లు కట్టి, అడ్డాకులు కుట్టి సంతలో అమ్మి నా ఫీజు కట్టింది. టీచరునై మా పిల్లలకు మా మాటలో పాఠం చెప్తానని అందరికీ చెప్పాను. 2014 డీఎస్సీ తప్పింది. విశాఖలో కోచింగుకు చేసిన అప్పు మిగిలింది. 2016లో ఒక మేస్త్రీ చెబితే హైదరాబాదు పోయాను. సెక్యూరిటీ ఉద్యోగం అన్నాడు. యూనిఫారం, గది, జీతం. పగలు చదువుకోవచ్చు, రాత్రి డ్యూటీ అన్నాడు.

డ్యూటీ పన్నెండు గంటలు. పేరుకు రాత్రి, కాని పగలు మోటారు వెయ్యాలి, కార్లు తుడవాలి, సామాన్లు పై అంతస్తులకు మొయ్యాలి. గది అంటే మెట్ల కింద చోటు. నా పేరు అక్కడ ఎవరికీ తెలియదు. నాకంటే ముందున్నవాడి పేరుతోనే కొన్నాళ్ళు పిలిచారు. నేనూ పలికాను.

ఆ అపార్టుమెంటులో వాళ్ళు చెడ్డవాళ్ళు కారు. ఇది మీరు గమనించాలి. పండగకు పిండివంట ఇచ్చేవాళ్ళు, పాత చొక్కాలు ఇచ్చేవాళ్ళు. ఒకసారి ఒక పెద్దాయన "ఏ ఊరు?" అని అడిగాడు. అరకు అన్నాను. ఆయన మొహం వెలిగిపోయింది. "అబ్బ! మేం రెండుసార్లు వెళ్ళాం. బొర్రా గుహలు, బొంగు చికెన్, వలిసె పూలు, థింసా. అంత అందమైన ఊరు వదిలి ఇక్కడెందుకున్నావయ్యా?" అన్నాడు.

నాకు జవాబు రాలేదు. ఇప్పటికీ రాలేదు. ఆయన ఫొటో తీసుకున్న ఆ పసుపుపచ్చ వలిసె చేను ఎవరిదో, దాని మీద ఏటా ఎంత మిగులుతుందో, ఆ చేనువాడి ఇంటికి రోడ్డు ఉందో లేదో ఆయనకు తెలియదు. నేను చెప్పలేదు. ఆ ఏడాది డిసెంబరు 31 రాత్రి పిల్లలకు థింసా నేర్పమన్నారు. నేర్పాను. తుడుం లేదు, డప్పు లేదు, సెల్‌ఫోన్‌లో పాట పెట్టారు. మన ఊళ్ళో థింసాకు ఒకరి నడుం ఒకరు పట్టుకుంటాం కదా, అక్కడ నా చెయ్యి ఎక్కడ పెట్టాలో నాకు తెలియలేదు. ఆ రాత్రి మెట్ల కింద పడుకొని మొదటిసారి ఏడ్చాను. ఆకలితో కాదు. ఎవరూ కొట్టి కాదు.

పట్నం మీద మనకు విరక్తి అట్లా పుడుతుంది. ఒక్క దెబ్బతో కాదు. నువ్వు లేకపోయినా అక్కడ ఏ పనీ ఆగదని రోజూ కొంచెం కొంచెంగా తెలుస్తుంది. మన ఊళ్ళో ఒక మనిషి లేకపోతే నాటు ఆలస్యమవుతుంది, కొర్రకొత్త పండగ నాడు ఇంట్లో ఒక ఆకు తక్కువ పడుతుంది. అక్కడ మనిషి లేకపోతే మర్నాడు ఇంకొకణ్ణి తెస్తారు, వాణ్ణి నీ పేరుతోనే పిలుస్తారు.

కొత్త బూట్లు

మరి వెంటనే ఎందుకు రాలేదు? ఇదీ నేను చెప్పవలసిన అసలు సంగతి.

సిగ్గు. అప్పు కన్నా పెద్దది సిగ్గు. మా ఊళ్ళో సిగ్నల్ రాదు. ఫోన్ మాట్లాడాలంటే గట్టెక్కి ఒక పనసచెట్టు కింద నిలబడాలి. మా అమ్మ ఆదివారం ఆదివారం అక్కడికి ఎక్కి నా ఫోన్ కోసం చూసేది. "ఏం తిన్నావు బాబూ?" అనేది. నేను అన్నం, కోడికూర అనేవాణ్ణి. "ఎక్కడ ఉన్నావు?" అంటే ఆఫీసులో అనేవాణ్ణి. గేటు కాడ కుర్చీ ఉంటుంది కదా, అదే నా ఆఫీసు.

2018 సంక్రాంతికి ఊరికొచ్చాను. రెండు నెలల జీతం ముందుగా తీసుకొని కొత్త బూట్లు, కొత్త ఫోన్ కొన్నాను. అప్పు చేసి అందరికీ మిఠాయి తెచ్చాను. ఊళ్ళో పిల్లలంతా నా చుట్టూ చేరారు. "సూపర్‌వైజర్‌ని" అన్నాను. ఆ మాట నా నోటినుంచి ఎట్లా వచ్చిందో నాకే తెలియదు. మా అమ్మ మొహం చూశాక దాన్ని వెనక్కి తీసుకోలేకపోయాను.

మా చిన్నాన్న కొడుకు, నాకంటే ఆరేళ్ళు చిన్న. ఇంటర్ చదువుతున్నాడు. వాడు నా బూట్లు తొడుక్కొని వాకిట్లో ఇటు అటు నడిచాడు. "అన్నయ్యా, నన్ను కూడా తీసుకుపో" అన్నాడు. వద్దనడానికి నిజం చెప్పాలి. నిజం చెప్పడానికి నోరు రాలేదు. "చదువు అవ్వనీరా" అన్నాను. వాడు ఆగలేదు. మేస్త్రీ నెంబరు నా ఫోన్‌లోనే చూసుకున్నాడు. రెండు నెలల తర్వాత హైదరాబాదులో దిగి నాకు ఫోన్ చేశాడు.

వచ్చిన రోజు నేను వాణ్ణి మెట్ల కిందకి తీసుకుపోయాను. వాడు ఆ గది చూశాడు. నా మొహం చూశాడు. ఒక్క మాట అనలేదు. మర్నాడు బిల్డింగు పనికి పోయాడు. తర్వాత ఊరికి ఫోన్ చేసి చిన్నాన్నతో వాడేం చెప్పాడో తెలుసా? "అన్నయ్య పెద్ద ఆఫీసులో ఉన్నాడు నాన్నా. నాకూ మంచి పని దొరికింది" అన్నాడు. నా అబద్ధం వాడు మోశాడు.

2019 వానాకాలంలో పరంజా మీంచి జారి మూడో అంతస్తు నుంచి పడ్డాడు. ప్రాణం దక్కింది, నడుం కింద సత్తువ పోయింది. కాంట్రాక్టరు మొదటి రోజు ఆసుపత్రికి డబ్బులు కట్టి, తర్వాత ఫోన్ ఎత్తలేదు. వాడి పేరు ఏ రిజిస్టరులోనూ లేదు. వాడక్కడ పనిచేసినట్టు చెప్పే కాగితం ముక్క లేదు. రైల్లో విశాఖ, బస్సులో కొండ మీదికి తెచ్చాం. రోడ్డు అయిపోయిన కాడ నుంచి డోలీ. ముందు కొమ్ము చిన్నాన్న, వెనక కొమ్ము నేను. దారి పొడుగునా చిన్నాన్న నన్నేమీ అడగలేదు. అడిగితే బాగుండేది.

సర్దార్ల కథ

మిత్రులారా, ఇది నా ఒక్కడి కథ అయితే ఇక్కడ చెప్పి మీ పొద్దు పాడుచెయ్యను. ఊరికొచ్చాక పెద్దవాళ్ళను అడిగాను, కొంత చదివాను. మనవాళ్ళు వలస పోవడం కొత్త కాదు. బ్రిటిష్ కాలంలో గంజాం, కోరాపుట్, విశాఖ కొండల నుంచి సవరలు, కోదులు, ఇంకా ఎందరో అసోం తేయాకు తోటలకు పోయారు. వాళ్ళను తీసుకుపోయింది ఎవరు? దొరలు కొండెక్కి రాలేదు. తోటలో పనిచేసే కూలీనే సర్దారుగా చేసి, దారి ఖర్చిచ్చి సొంతూరికి పంపేవారు. అతను తన ఊళ్ళో తనవాళ్ళకు తోట గురించి చెప్పి తీసుకుపోవాలి. తలకింత అని అతనికి ముట్టేది. పోయినవాళ్ళలో చాలామంది తిరిగి రాలేదు. వాళ్ళ పిల్లల పిల్లలు ఇవ్వాళ కూడా అక్కడే ఆకు కోస్తున్నారు.

అది చదివినప్పుడు నాకు నా బూట్లు గుర్తొచ్చాయి. సర్దారుకు డబ్బులిచ్చారు. నాకు అది కూడా ఇవ్వలేదు. పైసా తీసుకోకుండానే నా సొంత తమ్ముణ్ణి కూలీగా అప్పగించాను. సిగ్గుపడే కూలీని మించిన దళారీ కంపెనీకి దొరకడు.

కూలి ఎగ్గొట్టడం కూడా కొత్త కాదు. నర్సీపట్నం నుంచి చింతపల్లి వైపు ఘాట్ రోడ్డు వేసినప్పుడు గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ మన తాతల చేత చాకిరీ చేయించి కూలి సరిగ్గా ఇవ్వలేదు. 1922లో అల్లూరి సీతారామరాజు వెంట మన్యం లేచిందంటే దానికొక కారణం ఆ కూలి. తేడా ఒక్కటే. వాళ్ళు మోసపోయామని నలుగురిలో చెప్పుకున్నారు. మనం మోసపోయి, మిఠాయి పంచుతున్నాం.

2020 ఏప్రిల్

తమ్ముణ్ణి ఇంట్లో దింపాక నేను ఉండిపోవలసింది. ఉండలేదు. చిన్నాన్న మొహం చూడలేక మళ్ళీ హైదరాబాదు పారిపోయాను. 2018 డీఎస్సీ కూడా రాశాను, డ్యూటీలు చేసుకుంటూ రాసిన పరీక్ష, ఏమవుతుంది? తప్పింది. అయినా లోపల ఒక ఆశ ఉండేది. 2000 సంవత్సరంలో వచ్చిన జీవో నెంబరు 3 ఉన్నది కదా, ఏజెన్సీలో టీచరు పోస్టులన్నీ స్థానిక ఆదివాసులకే కదా, ఎప్పటికైనా నా పోస్టు నాకు వస్తుంది అనుకునేవాణ్ణి.

మార్చిలో లాక్‌డౌన్ పెట్టారు. గేటు మూసేశారు. నేను లోపలే. ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు జీవో 3 చెల్లదని తీర్పిచ్చింది. అప్పటికే ఉద్యోగాల్లో ఉన్నవాళ్ళను షరతులతో ఉండనిచ్చింది. మెట్ల కింద కూర్చొని ఆ వార్త ఫోన్‌లో చదివాను. ఎవరితో చెప్పుకోవాలి? మా భాష రాని టీచరు మా బడికి వస్తే, ఒకటో తరగతి పిల్ల నోరు మెదపదు. ఈ సంగతి నాకు తెలుసు. నేనూ అట్లాగే రెండేళ్ళు నోరు మెదపలేదు. ఆ పిల్ల కోసం చదివిన చదువు నాది. దాన్ని గేటు కాడ పోగొట్టుకున్నానని ఆ రోజు అర్థమైంది.

లాక్‌డౌన్ సడలాక కొంత లారీ మీద, కొంత బస్సు మీద, మిగతాది నడిచి ఊరు చేరాను. కాళ్ళకు హవాయి చెప్పులు. అమ్మ చోడి అంబలి పోసింది. తాగాక మొత్తం చెప్పాను. మెట్ల కింద గది చెప్పాను. సూపర్‌వైజర్‌ని కాదని చెప్పాను. అమ్మ కాసేపు ఊరుకొని, "నాకు తెలుసు బాబూ. నీ చేతులు చూశాను కదా" అన్నది. రెండేళ్ళూ నా మర్యాద కోసం ఆమె కూడా అబద్ధం ఆడింది.

ఏం చేద్దాం?

నేనిప్పుడు ఊళ్ళో మిరియాల తీగలు, కాఫీ చూసుకుంటున్నాను. సాయంత్రం పిల్లలకు చదువు చెప్తున్నాను. జీతం లేదు. సుఖంగా ఉన్నానని చెప్పను, చెబితే అది ఇంకొక అబద్ధం. కాఫీ ధర ఒక ఏడు ఉంటుంది, ఒక ఏడు ఉండదు. నా వయసువాళ్ళు ఉద్యోగాలు చేసుకుంటుంటే చూసి మనసు కష్టపడుతుంది. కాని ఎవరైనా పిలిస్తే నా పేరుతో పిలుస్తారు.

పోవలసినవాళ్ళు పోండి. ఆకలికి పోయేవాణ్ణి ఆపే హక్కు ఎవరికీ లేదు. కాని మూడు మాటలు వినండి.

ఒకటి. పోయేముందు ఊళ్ళో చెప్పి పోండి. ఎవరి వెంట పోతున్నారు, ఏ పని, ఎంత జీతం, మేస్త్రీ ఎవరు, ఎక్కడి కంపెనీ అనేది పంచాయతీలో రాయించండి. వలస కూలీలకు 1979లోనే చట్టం వచ్చింది. భవన నిర్మాణ కార్మికులకు 1996లో చట్టం వచ్చింది. 2020లో వాటిని కొత్త లేబర్ కోడ్‌లలో కలిపేశారు. ఏ చట్టమైనా కాగితం మీద పేరున్నవాడికే పనికొస్తుంది. మా తమ్ముడి పేరు ఒక్క కాగితం మీద ఉంటే ఇవ్వాళ వాడికి నష్టపరిహారం వచ్చేది.

రెండు. పోక తప్పని పరిస్థితిని ఎదిరించండి. 1997లో సమత తీర్పు వచ్చింది అంటే అనంతగిరి మండలంలో మనవాళ్ళు భూమి వదలకుండా నిలబడ్డారు కాబట్టి. 1/70 చట్టం ఉన్నది, పీసా ఉన్నది, 2006 అటవీ హక్కుల చట్టం ఉన్నది. జీవో 3 పోతే దాని చోట నిలిచే చట్టం కావాలి. అయిదో షెడ్యూల్ కింద ఆ దారి చూడవలసిన బాధ్యత ప్రభుత్వానిది. మన పిల్లల బడిలో మన టీచరు ఉంటే, ఆ టీచరు ఒక్కడు మాత్రమే కాదు, వాడి వెనక పదిమంది కొండ మీద ఆగుతారు.

మూడు. ఇది చట్టంతో పనిలేనిది. ఎవరి అనుమతీ అక్కర్లేనిది. తిరిగొచ్చినప్పుడు నిజం చెప్పండి. గది ఎట్లా ఉందో చెప్పండి. ఎన్ని గంటలు నిలబడ్డారో చెప్పండి. జీతం ఎగ్గొడితే ఎగ్గొట్టారని చెప్పండి. ఓడిపోయి వచ్చానని కొత్త బట్టల కింద దాచుకోకండి. మనం ఓడిపోలేదు, మనల్ని కింది మెట్టు మీద కూర్చోబెట్టారు. అమ్మల్లారా, అయ్యల్లారా, మీకూ ఒక మాట. ఖాళీ చేతులతో వచ్చిన కొడుకును "ఏం తెచ్చావు?" అని అడగకండి. అన్నం పెట్టి, "ఎట్లా ఉన్నావు?" అని అడగండి.

మా తమ్ముడు ఇవ్వాళ ఈ సభకు రాలేదు, రాలేడు. బయల్దేరేముందు వాడి మంచం కాడికి పోయి, నీ సంగతి కూడా చెప్పనా అని అడిగాను. కాసేపు ఆలోచించి, "చెప్పు అన్నయ్యా. బూట్ల సంగతి కూడా చెప్పు" అన్నాడు.

చెప్పాను. సెలవు.